దమ్ము, నెమ్ము, పిల్లికూతలు: ఛాతీ పరీక్ష మాటలు పట్టుబడే పద్ధతి

నల్లగొండ ఓపీలో కూసున్న తాత "దమ్మొస్తున్నది బిడ్డా, నెమ్ము చేసిందన్నరు" అంటాడు. పక్కన నిలబడ్డ విద్యార్థి కేస్ షీట్‌లో "డిస్ప్నియా, న్యుమోనియా" అని రాసేస్తాడు. మొదటి మాట సరే, రెండోది తప్పు. మన ఊళ్లల్ల నెమ్ము అంటే న్యుమోనియా కావచ్చు, ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు కావచ్చు, పాత టీబీ మచ్చ కూడా కావచ్చు. ఎక్స్‌రేలో ఏదో తెల్లగా ఉందని ఎవరో అన్న మాటను తాత మోసుకొచ్చి ఉండొచ్చు. పరిభాష నేర్చుకోవడంలో మొదటి పని ఈ ముడి విప్పడమే.

ఇందుకు ఒక నోటుబుక్కు, అందులో మూడు గడులు చాలు. మొదటి గడిలో పేషెంటు అన్న మాట ఉన్నదున్నట్టు: దమ్ము, ఆయాసం, సర్ది, తెమడ, పిల్లికూతలు, ఎద పట్టేసినట్టుంది. రెండో గడిలో మీ కన్ను, చెయ్యి, చెవి పట్టుకున్నది మీకు తోచిన తెలుగులో: "కుడిపక్క కింద తడితే రాయిలా ఉంది", "పీల్చేటప్పుడు చివర్లో చిటపట". మూడో గడిలో పుస్తకం మాట: స్టోనీ డల్‌నెస్, ఫైన్ క్రాకిల్స్. జబ్బు పేరుకు ఈ నోటుబుక్కులో గడి లేదు, పెట్టొద్దు. ఛాతీ పరీక్ష మాటల్లో చాలావరకు చూసినదానికీ విన్నదానికీ పెట్టిన పేర్లు. వాటిని జబ్బు పేర్లుగా బట్టీ పట్టినవాళ్లే వైవాలో తడబడతారు.

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. మన యాసలో మాట్లాడే పేషెంట్ల మధ్యే ఈ విద్య నేర్చుకునే వీలుంది. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఉరోస్థి, జత్రుక, పర్శుకలు, వాయునాళం ముందే తెలుసు. వాటిని పారేయకుండా స్టెర్నమ్, క్లావికిల్, రిబ్స్, ట్రెకియా పక్కన రాసుకోండి. పేషెంటు ముందు మాత్రం జత్రుక అనొద్దు, మెడ కింది బొక్క అంటేనే అర్థమవుతుంది.

ముందు చోటు పేరు

శబ్దం పేరు కంటే ముందు చోటు పేరు రావాలి. "ఎడమపక్క ఎక్కడో క్రెప్స్" (చిటపట శబ్దాలు) అని రాస్తే మరునాడు వచ్చిన డాక్టరు ఎక్కడ వినాలి?

మెడ కింది గుంటలో, అంటే సుప్రాస్టెర్నల్ నాచ్‌లో, వేలు పెట్టి ఎముక మీదుగా కిందికి జరపండి. సుమారు 5 సెంటీమీటర్ల దిగువన అడ్డంగా చిన్న గట్టు తగులుతుంది. అదే స్టెర్నల్ యాంగిల్. దాని పక్కన అతుక్కున్నది 2వ పక్కటెముక, ఆ ఎముక కింది సందు 2వ ఇంటర్‌కాస్టల్ స్పేస్. ఎముకలను ఇక్కడి నుంచే లెక్కపెట్టాలి. 1వ ఎముక క్లావికిల్ చాటున ఉంటుంది కాబట్టి పైనుంచి మొదలుపెడితే లెక్క ఒకటి తప్పుతుంది. దాంతో కింది చోట్లన్నీ తప్పుతాయి. వెనకవైపు తల వంచమంటే మెడ అడుగున పొడుచుకొచ్చే పూస సాధారణంగా 7వ మెడపూస. చేతులు పక్కన వేలాడేసి కూర్చున్నప్పుడు రెక్క ఎముక కింది కొన దాదాపు 7వ వీపుపూస ముల్లుకు సూటిగా ఉంటుంది.

నిలువు గీతలు మిడ్‌క్లావిక్యులర్, యాంటీరియర్, మిడ్, పోస్టీరియర్ యాక్సిలరీ, స్కాపులర్. వీటిని బట్టీ పట్టకుండా రూమ్మేట్ ఒంటి మీద స్కెచ్‌పెన్‌తో గీయండి. మామూలుగా ఊపిరి తీస్తున్నప్పుడు ఊపిరితిత్తి అడుగు అంచు ముందు 6వ ఎముక దగ్గర, చంక గీతలో 8 దగ్గర, వెనక 10 దగ్గర ఉంటుంది. ఊపిరితిత్తి మీది పొర ప్లూరా, దాని అడుగు ప్రతిచోటా రెండు ఎముకలు కింద: 8, 10, 12. ఊపిరితిత్తిని లోబ్‌లుగా, అంటే భాగాలుగా, విడదీసే ఏటవాలు గీత ఆబ్లిక్ ఫిషర్‌ను వెనక సుమారు 3వ వీపుపూస ముల్లు నుంచి ముందు 6వ ఎముక దాకా గీయాలి. కుడివైపు అదనంగా 4వ ఎముక వెంబడి అడ్డగీత ఉంటుంది. ఈ రెండు గీతలూ గీసి చూస్తే, వీపు మీద వినేదంతా దాదాపుగా కింది లోబ్ అనీ, కుడి మిడిల్ లోబ్ ముందు నుంచీ చంక నుంచీ తప్ప దొరకదనీ కళ్లకు కడుతుంది. వీపు ఒక్కటే విని "చెస్ట్ క్లియర్" రాసినవాళ్లు మిడిల్ లోబ్‌ను తాకనే లేదన్నమాట.

మన వార్డుల్లో లోబ్ పేరు కన్నా ఏరియా పేరే ఎక్కువ నడుస్తుంది. ముందు సుప్రాక్లావిక్యులర్, ఇన్‌ఫ్రాక్లావిక్యులర్, మ్యామరీ, ఇన్‌ఫ్రామ్యామరీ. పక్కన యాక్సిలరీ, ఇన్‌ఫ్రాయాక్సిలరీ. వెనక సుప్రాస్కాపులర్, ఇంటర్‌స్కాపులర్, ఇన్‌ఫ్రాస్కాపులర్. సుప్రా అంటే పైన, ఇన్‌ఫ్రా అంటే కింద, ఇంటర్ అంటే నడుమ. ఈ మూడూ తెలిస్తే మిగిలింది ఎముక పేరో ఒంటి చోటు పేరో: స్కాపులా రెక్క ఎముక, యాక్సిలా చంక, మ్యామరీ రొమ్ము.

కంటితో

ఊపిరి లెక్క పూర్తి 60 సెకన్లు పెట్టాలి. 15 సెకన్లు లెక్కించి నాలుగుతో గుణిస్తే ఒక్క ఊపిరి తేడా నాలుగవుతుంది. నాడి పట్టుకున్నట్టు మణికట్టు పట్టుకునే లెక్కించండి, చూస్తున్నారని తెలిస్తే మనిషి ఊపిరి మారుస్తాడు. పెద్దవాళ్లకు నిమిషానికి 12 నుంచి 20 మామూలు. పసిపిల్లల్లో వేగం అనడానికి హద్దులు వేరు: 2 నెలల లోపు 60 లేదా ఆపైన, 2 నుంచి 12 నెలల్లోపు 50 లేదా ఆపైన, 1 నుంచి 5 ఏండ్లలోపు 40 లేదా ఆపైన.

తల్లి "డొక్కలెగరేస్తుండు" అంటే చెస్ట్ ఇన్‌డ్రాయింగ్ అని వెంటనే రాయొద్దు. పొట్ట ఎగిరినా ఆ మాటే అంటారు. అంగీ పైకెత్తి, పిల్లాడు ఏడవకుండా పాలు తాగకుండా ఉన్నప్పుడు చూడండి. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ కింది భాగం లోపలికి పోతేనే ఆ మాట వాడాలి.

ప్నియా అనేది ఊపిరి అన్న గ్రీకు మాట నుంచి వచ్చింది. ముందు ముక్క మారితే అర్థం మారుతుంది. టాకిప్నియా వేగం, బ్రాడిప్నియా నెమ్మది, ఆప్నియా ఆగిపోవడం. పడుకుంటే దమ్ము, కూర్చుంటే నయం అయితే ఆర్థాప్నియా, ఆర్థో అంటే నిటారు. దీనికి తలకిందులు ప్లాటిప్నియా: కూర్చుంటే దమ్ము, వెల్లకిలా పడుకుంటే నయం. ఒక పక్కకు ఒరిగితేనే దమ్మొస్తే ట్రెపాప్నియా. ఇవి పేషెంటు చెప్పే లక్షణాలు. "రాత్రి ఎన్ని మెత్తలు పెట్టుకుంటవు తాతా? దమ్ముకు లేసి కూసుంటవా?" అని అడిగితే గాని ఆర్థాప్నియా దొరకదు. మనుషుల పేర్లతో ఉన్నవి రెండు ముఖ్యం. కుస్మాల్ ఊపిరి: లోతుగా, ఆగకుండా, షుగర్ ముదిరి ఒంట్లో ఆమ్లం పెరిగినప్పుడు. షేన్-స్టోక్స్: పెరుగుతూ పోయి, తగ్గుతూ వచ్చి, కాసేపు ఆగి, మళ్లీ మొదలు.

చేత్తో

ట్రెకియా చూసేటప్పుడు గడ్డం ఒక పక్కకు తిరగకూడదు. నడిమి వేలు గుంటలో పెట్టి రెండు పక్కల సందు సమానమా కాదా చూడండి. కొంచెం కుడికి ఉండటం మామూలే. "డీవియేటెడ్" అని ఊరుకోకుండా ఎటు అన్నది రాయాలి, ఎందుకంటే అర్థమంతా అందులోనే ఉంది. కొలాప్స్ (ఊపిరితిత్తి ముడుచుకుపోవడం), ఫైబ్రోసిస్ (మచ్చకట్టి గట్టిపడటం) తమవైపు లాగుతాయి. బాగా చేరిన నీరు, టెన్షన్ న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఒత్తిడి పెరగడం) అవతలికి నెడతాయి. గొంతు గడ్డ ఉన్నవాళ్లలో ఆ గడ్డ కూడా నెట్టగలదు, ముందు మెడ చూడండి.

ఎక్స్‌పాన్షన్ అంటే టేపుతో కొలిచిన తేడా. గాలి మొత్తం వదిలాక ఒకసారి, నిండా పీల్చాక ఒకసారి, చనుమొనల ఎత్తులో. 5 సెంటీమీటర్లు లేదా ఆపైన బాగున్నట్టు, 2 లోపు స్పష్టంగా తక్కువ. మూవ్‌మెంట్ వేరే మాట: రెండు పక్కలూ సమానంగా లేస్తున్నాయా అన్నది. రెండు బొటనవేళ్లు వెన్ను దగ్గర కలిపి పెట్టి, ఏ వేలు తక్కువ జరిగిందో చూసి చెప్పాలి. మన జిల్లాలో ఈ తేడా పుస్తకంలో కన్నా ఎక్కువ పనికొస్తుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఏండ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పెద్దవాళ్లలో వెన్ను బిగుసుకుపోయి, పక్కటెముకలు వెన్నుతో కలిసే కీళ్లు గట్టిపడి ఉండొచ్చు. టేపులో ఎక్స్‌పాన్షన్ బాగా తగ్గుతుంది, కానీ తగ్గింది రెండు పక్కలా సమానం, ఊపిరి పొట్టతో నడుస్తుంది. తడితే, వింటే ఊపిరితిత్తి మామూలుగానే ఉండొచ్చు. "ఎక్స్‌పాన్షన్ రెడ్యూస్డ్" అని రాసి ఊపిరితిత్తి మీదికి నెట్టకముందు నడుము వంచమని అడగండి.

వోకల్ ఫ్రెమిటస్ మాట్లాడినప్పుడు అరచేతికి తెలిసే అదురు. ఇంగ్లీషు పుస్తకాల్లో "నైంటీ నైన్" అనిపించమని ఉంటుంది. అది జర్మన్ సంఖ్యకు మాటకు మాట అనువాదం. ఆ భాషలో ఆ సంఖ్యకున్న మోత ఇంగ్లీషులోకి రాలేదు, అలవాటు మాత్రం నిలిచింది. మన దగ్గర "ఒకటి, రెండు, మూడు అను పెద్దమ్మా, బొంగురు గొంతుతో" అంటే చాలు. ఏ మాట అన్నది ముఖ్యం కాదు, ప్రతి చోటా అదే మాట అంతే గట్టిగా రావాలి. సన్నని గొంతుండే పిల్లల్లో, కొందరు ఆడవాళ్లలో అదురు తెలియకపోవడం జబ్బు కాదు.

క్రెపిటస్, క్రెపిటేషన్స్ ఒకటి కావు. చర్మం కింద గాలి చేరితే వేళ్లకు చిటపటమని తగిలేది క్రెపిటస్. స్టెతస్కోపులో వినపడేవి క్రెపిటేషన్స్.

తట్టి

1761లో వియన్నా వైద్యుడు లియోపోల్డ్ ఔయెన్‌బ్రుగ్గర్ ఛాతీని తట్టి చూసే పద్ధతిని అచ్చులో పెట్టాడు. ఆయన తండ్రి సత్రం నడిపేవాడు. పీపాలో ద్రాక్షసారా ఎంతవరకుందో తట్టి తెలుసుకోవడం అక్కడ మామూలు. మనకు ఆ పీపా అక్కర్లేదు. కల్లు లొట్టి గానీ నీళ్ల రంజన్ గానీ సగం నింపి పైనుంచి కిందికి తట్టండి. ఖాళీ దగ్గర మోగుతుంది, నీళ్లు మొదలైన చోట మోత చస్తుంది. ఆ మారిన గీతను వేలితో పట్టుకోవడమే పర్కషన్.

ఎడమచేతి నడిమి వేలు ఒక్కటే పక్కటెముకల సందులో గట్టిగా ఆనించాలి, మిగతా వేళ్లు పైకెత్తాలి. అవి ఆనితే మోత మింగేస్తాయి. కుడిచేతి నడిమి వేలి కొనతో, మణికట్టు మాత్రమే ఆడిస్తూ, రెండుసార్లు తట్టి వెంటనే వేలు లేపాలి. గోరు పెరిగి ఉంటే శబ్దం కాదు, మీకు గాయమే మిగులుతుంది. మోచేతి నుంచి కొడితే బలమొస్తుంది గాని తేడా పోతుంది.

నోట్స్ పేర్లు ఒక నిచ్చెనలా ఉంటాయి, ఆ మెట్లన్నీ దాదాపు మీ ఒంట్లోనే దొరుకుతాయి. ఎడమ పక్కటెముకల కింద జీర్ణాశయం గాలి మీద టింపానిక్. క్లావికిల్ కింద రెజొనెంట్. కుడివైపు 5వ సందు నుంచి కాలేయం మీద డల్. తొడ మీద ఫ్లాట్, స్టోనీ డల్ దీనికి దగ్గర. హైపర్ రెజొనెంట్ ఒక్కటే మామూలు ఒంట్లో దొరకదు. ఎంఫిసీమాతో (గాలితిత్తులు పాడై ఊపిరితిత్తి ఉబ్బడం) వచ్చే బీడీ తాతల దగ్గర దొరుకుతుంది, వాళ్లలో కాలేయం మోత కూడా కిందికి జారి ఉంటుంది. స్టోనీ డల్ అన్నప్పుడు చెవి కంటే వేలు ముందు చెబుతుంది, రాతి గోడను తట్టినట్టు వేలికి ఎదురొస్తుంది.

విని

1816లో పారిస్‌లో రెనె లేనెక్ కాగితం చుట్టి ఛాతీకి ఆనించి విన్నాడు. ఛాతీ శబ్దాల పేర్లలో గందరగోళం కూడా అక్కడినుంచే మొదలు. ఆయన మొదట వాడిన రాల్ అన్న మాటకు ఫ్రెంచి జనం నోట చావు గురక అన్న అర్థముంది. పేషెంటు చెవిన పడితే బెదురుతాడని మంచం దగ్గర రాంకస్ అన్న లాటిన్ మాట వాడాడు. తర్వాతివాళ్లు ఆ రెండూ రెండు శబ్దాలనుకున్నారు. 1977లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ పేర్లు సర్దింది. తెగితెగి వచ్చేది క్రాకిల్. సాగేది, అంటే 250 మిల్లీసెకన్లు దాటేది, వీజ్ లేదా రాంకస్. 400 హెర్ట్జ్, ఆపైన ఉండే కీచు గొంతు వీజ్, 200 హెర్ట్జ్, ఆలోపు ఉండే బొంగురు గొంతు రాంకస్. మన వార్డుల్లో క్రాకిల్స్‌ను క్రెప్స్ అంటారు, సాగే శబ్దాలన్నింటినీ రాంకై అనేస్తారు. ఏది వాడినా పక్కన "సన్నగా, వదిలేటప్పుడు, రెండు పక్కలా" అని రాస్తే చదివినవాళ్లు మోసపోరు.

ముందు ఊపిరి శబ్దం, తర్వాతే అదనపు శబ్దం. వెసిక్యులర్‌ను మీ చంక కింద వినండి: ఆకులు కదిలినట్టు మెత్తగా, పీల్చడం పొడుగు, వదలడం పొట్టి, నడుమ ఖాళీ లేదు. బ్రాంకియల్‌ను మీ గొంతు మీద వినండి: బోలుగా, పీల్చడానికీ వదలడానికీ నడుమ ఖాళీ, వదలడం అంతే పొడుగు లేదా ఇంకా ఎక్కువ. గొంతు మీద వినాల్సింది వీపు కింద వినపడితే అక్కడ ఏదో గట్టిపడిందని అర్థం. "ఎన్‌వీబీఎస్" (నార్మల్ వెసిక్యులర్ బ్రెత్ సౌండ్స్) అని నాలుగక్షరాలు రాసే ముందు ఈ రెండూ కనీసం 20 మంది మీద వినాలి. కేస్ షీట్లలో వినకుండా రాసే మాట ఇదే ఎక్కువ.

అదనపు శబ్దాలకు తెలుగు ధ్వన్యనుకరణలు ఇంగ్లీషు వర్ణన కన్నా నయం. పెనం మీద ఉప్పు వేస్తే చిటపట, లేదా చెవి దగ్గర వెంట్రుకలు నలిపితే వచ్చేది, ఫైన్ క్రాకిల్. నీళ్లలో బుడగలు లేచినట్టు బుడబుడ అంటే కోర్స్ క్రాకిల్, దగ్గించి మళ్లీ వినండి, తెమడ కదిలితే మారుతుంది. పిల్లికూత వీజ్. కొత్త కిర్రుచెప్పుల కిర్రు ప్లూరల్ రబ్: పీల్చినా వదిలినా వస్తుంది, దగ్గినా మారదు, ఊపిరి బిగబడితే ఆగిపోతుంది. మెడ దగ్గర గట్టిగా, పీల్చేటప్పుడు వచ్చే కూత స్ట్రైడర్, అది పేరు రాస్తూ కూర్చునే శబ్దం కాదు, సీనియర్‌ను పిలిచే శబ్దం. దమ్ముతో మాట కూడా రాని పేషెంటులో పిల్లికూతలు వినపడకపోతే నయమైందనుకోవద్దు. కూత పుట్టేంత గాలి కూడా కదలడం లేదన్నమాట.

వోకల్ రెజొనెన్స్ అనేది ఫ్రెమిటస్‌కు చెవి రూపం. పెరిగితే బ్రాంకోఫొనీ, గుసగుస కూడా అక్షరమక్షరం వినపడితే విస్పరింగ్ పెక్టొరిలొక్వీ, అంటే ఛాతీ మాట్లాడటం. ఈగోఫొనీలో గ్రీకు మేక ఉంది. పేషెంటును "ఈ" అనమంటే స్టెతస్కోపులో ముక్కుతో "ఏ" అని మేకపిల్లలా వస్తుంది. ఈ, ఏ రెండూ వేరువేరు దీర్ఘాలుగా అలవాటున్న చెవికి ఆ తేడా దొరకడం తేలిక.

తప్పులు ఎక్కువ మెళకువల దగ్గరే జరుగుతాయి. చెవి ముక్కలు ముక్కువైపు చూడాలి. స్టెతస్కోపు బిళ్ల, అంటే డయాఫ్రమ్, అరచేతిలో వెచ్చబెట్టుకోండి, చలికి ఒళ్లు వణికితే కండరాల మోత వస్తుంది. ఛాతీ మీద వెంట్రుకలు రాసుకుంటే చిటపటే వినపడుతుంది, తడిపి గట్టిగా ఆనించండి. పుస్తెలతాడు, నల్లపూసలు ట్యూబుకు తగిలి క్రాకిల్స్ లాంటి శబ్దం చేస్తాయి. "అమ్మా, జర పక్కకు జరుపుకుంటవా" అని ఆమెనే జరపమనాలి, మీరు ముట్టొద్దు. ఆడవాళ్లను చూసేటప్పుడు నర్సు గానీ ఇంటివాళ్లు గానీ ఉండాలి, చీర కొంగు మీదినుంచి వినడం వినడం కాదు. ఫ్యాన్ ఆపండి. "నోరు తెరిచి గాలి గుంజి ఇడువు" అనండి, ముక్కుతో పీలిస్తే ముక్కు శబ్దమే వస్తుంది. నాలుగైదు చోట్లకోసారి ఆపండి, లేకపోతే తల తిరుగుతుంది. ఒక చోటు కుడి, వెంటనే అదే చోటు ఎడమ, ఒక్కో చోట పూర్తి ఊపిరి.

మాటలను జతకట్టడం

ఒంటరి మాట నిలవదు, కారణంతో కడితే నిలుస్తుంది. గట్టిపడ్డ ఊపిరితిత్తిలో గాలిగొట్టం తెరిచి ఉంటే శబ్దం సూటిగా బయటికొస్తుంది. అందుకే కన్సాలిడేషన్‌లో డల్, ఫ్రెమిటస్ ఎక్కువ, బ్రాంకియల్ ఊపిరి, ట్రెకియా నడుమ. చుట్టూ నీరు చేరితే గాలికీ నీటికీ హద్దు దగ్గర శబ్దం వెనక్కి తిరుగుతుంది. అందుకే ఎఫ్యూజన్‌లో స్టోనీ డల్, ఫ్రెమిటస్ తక్కువ, ఊపిరి శబ్దం తక్కువ, నీటి పై అంచున మేకగొంతు. న్యూమోథొరాక్స్‌లోనూ శబ్దం రాదు, కానీ తడితే డోలు మోగినట్టు. గొట్టం మూసుకుపోయిన కొలాప్స్‌లో డల్, శబ్దం లేదు, ట్రెకియా మాత్రం తనవైపే. స్టోనీని కలిపితే డల్ మూడింట్లో ఉంది, శబ్దం తగ్గడమూ మూడింట్లో ఉంది. ఒక్క మాటతో జబ్బు తేలకపోవడం ఇందుకే.

రాసేటప్పుడు చోటు, పక్క, శబ్దం, ఊపిరిలో ఎప్పుడు, దగ్గితే మారిందా, ఈ వరస తప్పకూడదు. "కుడి ఇన్‌ఫ్రాస్కాపులర్ ఏరియాలో స్టోనీ డల్, ఊపిరి శబ్దాలు తగ్గాయి, వోకల్ రెజొనెన్స్ తగ్గింది, ట్రెకియా ఎడమకు" అని రాస్తే, ఎఫ్యూజన్ అన్న మాట మీరు రాయకముందే చదివినవాళ్ల నోట్లో పడుతుంది.

సాధనకు జోడీ కావాలి. ఒకరు పరీక్షించి రెండో గడి మాట మాత్రమే చెప్పాలి, ఇంకొకరు మూడో గడి మాట చెప్పాలి, తర్వాత తిరగేయాలి. రోజుకు ఒకే పేషెంటు, ఒకే కొత్త మాట, కానీ ఆ మాట ఆ పేషెంటులో నిజంగా చేతికో చెవికో దొరికి ఉండాలి. దొరకని మాటకు గడి ఖాళీగా వదిలేయండి. మిర్యాలగూడ రైస్‌మిల్లు దుమ్ములో పనిచేసి దమ్ముతో వచ్చిన అన్న రేపు ఏదో ఒక గడి నింపొచ్చు.